ఆడి టీటీ సొంతంగా అమ్ముదామనుకుంటున్నా, బెంగళూరులో అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి

రెండోగేరు:
అందరికీ నమస్తే. 2016 ఆడి టీటీ స్పోర్ట్స్ కారు, 45 టీఎఫ్ఎస్ఐ క్వాట్రో (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళేది), కేఏ 51 బండి, కొన్నప్పటి నుంచి నా పేరు మీదే ఉంది, 41 వేల కిలోమీటర్లు తిరిగింది. హెచ్ఎస్ఆర్‌లో మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోనే ఉంటుంది, ఎండ తగిలింది తక్కువ. వెనక రెండు సీట్లు పేరుకే కదా, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఎలాగో ఇరికించాం, ఇప్పుడు పెద్దోడి మోకాళ్ళు వాడి గడ్డానికి తగులుతున్నాయి, ఇంట్లో వాళ్ళ ఓపిక అయిపోయింది. పాత కార్లు కొనే ఒక కంపెనీ వాళ్ళు ఇంటికొచ్చి ఫోన్లో ఏవో టిక్కులు పెట్టుకుని 21 లక్షలన్నారు, లగ్జరీ కార్ల డీలర్ ఒకాయన 22న్నర దాకా వచ్చాడు. నేనేమో 30 అనుకుంటున్నా. సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయి, ఒక్క గీత లేదు, క్లెయిము లేదు, లోను ఎప్పుడో తీరింది. సొంతంగా అమ్మితే ఆ తేడా నిజంగా మిగులుతుందా లేక తలనొప్పేనా?

టర్బోతాత:
తమ్ముడూ, డీలర్ తక్కువ చెప్పాడని బాధపడకు, వాడి లెక్క వాడిది. రెండు తలుపుల బండి క్రెటా పోయినంత తొందరగా పోదు, నెలల తరబడి డబ్బు ఇరుక్కుంటుంది, బ్యాటరీ చచ్చిపోకుండా చూసుకోవాలి, పైగా అమ్మాక వాడి మార్జిన్ మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి, 2024 డిసెంబర్ కౌన్సిల్ మీటింగులో వ్యాపారం చేసేవాళ్ళకి పాత కార్లన్నిటి మీదా అదే రేటు చేశారు కదా. నీకు ఆ గొడవ లేదు, మామూలు మనిషి ఇంకో మామూలు మనిషికి అమ్ముకుంటే జీఎస్టీ రాదు. సొంత వాడకం కారు కాబట్టి క్యాపిటల్ గెయిన్స్ కూడా లేదు, వ్యాపారం ఖాతాలో చూపించి డిప్రిసియేషన్ తీసుకోనంత వరకూ సుమా. కాబట్టి డీలర్ కొనే రేటుకీ అమ్మే రేటుకీ మధ్య ఉన్న ఆ అయిదారు లక్షలు నువ్వూ కొనేవాడూ పంచుకుంటారు. అంతా నీకే కావాలంటే ఎవడిస్తాడు, ఆ మాత్రం దానికి వాడు వారంటీ ఇచ్చే డీలర్ దగ్గరే కొనుక్కుంటాడు. 30 పెట్టు, 26కో 27కో మనసు సిద్ధం చేసుకో.

పెట్రోల్‌పిచ్చోడు:
తాతా నేనొప్పుకోను. 2015లో ఈ మోడల్ ఇక్కడ దిగినప్పుడు ఎక్స్ షోరూమే 60 లక్షల పైన. 230 హార్స్ పవరు, 370 ఎన్ఎమ్ టార్క్, వందకి 5.3 సెకన్లు, ఈరోజు 30 లక్షలకి కొత్తది ఏం కొంటారు ఇలాంటిది? హంగరీలో గ్యోర్ ఫ్యాక్టరీలో 2023 నవంబర్లోనే టీటీ తయారీ ఆపేశారు, ఇంక కొత్తది రాదు. ఉన్నవాటిలో రీమ్యాప్ చేసి, అంటే పవర్ కోసం ఇంజిను సాఫ్ట్‌వేర్ మార్చి, చావగొట్టనిది, ఫస్ట్ ఓనర్ చేతిలోనే ఉన్నది ఎన్నుంటాయి? ఇంకో సంగతి, ఇది కేఏ బండి. కర్ణాటకలో 20 లక్షలు దాటిన కారుకి లైఫ్ ట్యాక్సే 18 శాతం, అందుకే జనం పుదుచ్చేరి బండ్లు తెచ్చుకుని తిరుగుతుంటారు, 2025 ఫిబ్రవరిలో రవాణా శాఖ వాళ్ళు బెంగళూరులో అలాంటి ఖరీదైన బండ్లని వరసగా పట్టుకున్నాక ఇక్కడి నంబరు ఉన్న క్లీన్ బండికి విలువ పెరిగింది. 30కి ఒక్క పైసా తగ్గకు గురూ.

టర్బోతాత:
తయారీ ఆపేశారంటే నీకు "అరుదైన బండి" అనిపిస్తుంది, కొనేవాడి ఇంట్లో వాళ్ళకి "పార్ట్స్ దొరుకుతాయా" అనిపిస్తుంది. ఇంజిను సంగతి పర్లేదు, అదే 2 లీటర్ల ఇంజిను కుటుంబం స్కోడాల్లో ఫోక్స్‌వ్యాగన్లలో ఉంది. హెడ్‌లైటో డోర్ గ్లాసో పగిలితే కదా అసలు కథ. నువ్వేమో జేబులోంచి ఒక్క రూపాయి పెట్టకుండా ఇంకొకరిని పట్టుబట్టమంటున్నావ్.

పెట్రోల్‌పిచ్చోడు:
జేబులో ఉంటే నేనే కొనేవాణ్ణి తాతా 😀

నట్టుబోల్టు:
రేటు మీరు కొట్లాడుకోండి, నాకు అడగాల్సింది వేరే ఉండాది. అన్నా, హాల్డెక్స్ ఆయిల్ ఎప్పుడు మార్పించినావు? తెలియనోళ్ళకి చెప్తా, టీటీలో క్వాట్రో అంటే ఆడి పెద్ద బండ్లలో ఉండే మాదిరి కాదు, ఇంజిను అడ్డంగా ఉంటాది, వెనక చక్రాలకి పవర్ పంపేది హాల్డెక్స్ కప్లింగ్. దానికి వేరే ఆయిలు, చిన్న కరెంటు పంపు, ఆ పంపుకి జల్లెడ లాంటి స్క్రీన్ ఉంటాయి. చానా చోట్ల ఆయిల్ మార్చి బిల్లేస్తారు గానీ పంపు బయటికి తీసి స్క్రీన్ కడగరు, క్లచ్ ప్లేట్లు అరిగిన మడ్డంతా దాంట్లో పేరుకుని ఒకరోజు పంపు కాలిపోతాది. కాలిపోయినా డాష్ మీద లైటు రాకపోవచ్చు, బండి ముందు చక్రాలతోనే సుబ్బరంగా పోతా ఉంటాది, ఓనరుకి తెలీనే తెలీదు. తెలిసినోడు కొనడానికొస్తే తడి రోడ్డు మీద నిలబెట్టి ఒక్కసారి గట్టిగా తొక్కుతాడు, ముందు చక్రాలు గిర్రుమన్నాయంటే రెండు లక్షలు కోసేస్తాడు.

రెండోది గేర్‌బాక్స్. ఇది 6 గేర్ల వెట్ క్లచ్, అంటే క్లచ్ ఆయిల్లోనే మునిగి ఉంటాది, 60 వేలకి ఆయిలూ ఫిల్టరూ మార్చాల. నీది 41 వేలే గానీ ఏండ్లు ఎక్కువైనాయి, నేనైతే మార్పించి బిల్లు పెడతా. మూడోది థర్మోస్టాట్, వాటర్ పంపు ఉండే ప్లాస్టిక్ హౌసింగ్, ఈ ఇంజిన్లో అది కారడం మామూలు, కూలెంటు నెలనెలా కొంచెం కొంచెం తగ్గతా ఉందా చూడు. అమ్మే ముందర ఇవి నువ్వే చూపించి రిపోర్టు తీసి పెట్టుకో, వాడు తీసుకొచ్చిన మెకానిక్కు చెప్పకముందే నీ చేతిలో కాయితం ఉండాల.

రెండోగేరు:
నట్టుబోల్టు అన్నా, బిల్లులు తీసి చూశా, హాల్డెక్స్ ఆయిల్ మార్చినట్టు ఉంది, స్క్రీన్ కడిగినట్టు ఎక్కడా రాయలేదు. ఈ వారమే తెలిసిన గ్యారేజీలో విప్పిస్తా. కూలెంటు లెవెల్ కదల్లేదు. టైర్లకి మాత్రం పక్కన 3519 అని ఉంది, అంటే 2019లో 35వ వారం, గీతలు బాగానే ఉన్నాయి గానీ పాతబడ్డాయి. 245/40 ఆర్18 నాలుగూ కొత్తవి వేయించి అమ్మనా?

నట్టుబోల్టు:
వద్దు. నువ్వు వేసేది వాడికి నచ్చదు, ఆ డబ్బు నీకు తిరిగి రాదు. టైర్లు పాతవే అని యాడ్‌లోనే రాసెయ్, బేరంలో దానికింత అని తగ్గించు.

వైట్‌ఫీల్డ్‌వాసి:
టైర్ల విషయంలో నట్టుబోల్టు గారితో ఏకీభవిస్తున్నా. మా ఇంట్లో మస్టాంగ్ జీటీ ఉండేది, ఆ 5 లీటర్ల వీ8, మా ఆయన కొన్నాడు కానీ అమ్మింది నేను, ఎందుకంటే ఆయనకి ఎవరడిగినా స్టార్ట్ చేసి సౌండ్ వినిపించడం తప్ప బేరం రాదు. స్పోర్ట్స్ కారు యాడ్ పెట్టగానే మీకొచ్చే ఫోన్లలో సగానికి పైగా కొనేవాళ్ళవి కావు. "లాస్ట్ ఎంత" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టేవాళ్ళకి రేటు యాడ్‌లో ఉందండీ, చూసి మాట్లాడదాం అని పంపేయండి. కారు చూడకుండానే పూర్తి డబ్బు ఇస్తాను, సైన్యంలో ఉన్నాను, క్యూఆర్ స్కాన్ చేస్తే అడ్వాన్స్ పడుతుంది అనేవాడు దొంగ, డబ్బు తీసుకోవడానికి స్కానూ పిన్నూ అక్కర్లేదని మీకు తెలుసు కానీ ఆ రోజు ఫోన్ మీ నాన్నగారు ఎత్తితే ఆయనకి తెలియాలి కదా.

ఫోటోలు బేస్‌మెంట్ ట్యూబ్‌లైటు కింద తీయకండి. పొద్దున ఏడింటికి బయటికి తీసుకెళ్ళి నాలుగు మూలలూ, నాలుగు చక్రాలూ, సీటు అంచు అరిగిన చోటు, ఓడోమీటరు, ముందు బంపర్ కింద స్పీడ్ బ్రేకర్లకి గీసుకున్నది కూడా. ఒక్క గీత లేదని రాశారు, కింద చూశారా అసలు? బెంగళూరులో తిరిగిన టీటీకి కింద గీత లేదంటే ఎవరూ నమ్మరు.

టెస్ట్ డ్రైవ్ విషయంలో కఠినంగా ఉండండి. లైసెన్స్ ఫోటో ముందే వాట్సాప్‌లో తెప్పించుకోండి, మొదట మీరే నడపండి, ఇంజిను వేడెక్కాక అతనికివ్వండి, పక్క సీట్లో మీరు తప్ప స్నేహితుల్ని ఎక్కనివ్వద్దు. నంది హిల్స్ దాకా పోదాం, మైసూర్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక్కసారి లాగి చూద్దాం అంటారు. 2024 ఆగస్టు నుంచి కర్ణాటకలో 130 దాటితే జరిమానాతో పోదు, ఎఫ్ఐఆరే, నోటీసు వచ్చేది బండి నంబరు మీద, అంటే ముందు సమాధానం చెప్పుకోవాల్సింది మీరు.

రెండోగేరు:
అక్కా కింద ఇప్పుడే చూసొచ్చా. ఉన్నాయి గీతలు 😅 ఫోటో తీశా.

గచ్చిబౌలిగాడు:
అన్నా నేను హైదరాబాద్ నుంచి. బండి మస్తు నచ్చింది, 26 ఇస్త, శనివారం మా ట్రక్కోడు వస్తడు, వాని చేతిల తాళాలు పెట్టుండ్రి. మీరు ఫారాల మీద సంతకాలు పెట్టి ఖాళీగ ఇచ్చిన్రంటే మిగతాది మా ఏజెంటు చూసుకుంటడు, టీజీ నంబర్ నేనే చేయించుకుంట. డబ్బులు సగం అకౌంట్ల, సగం నగదు.

నల్లకోటు:
రెండోగేరు గారూ, పై మెసేజ్‌లో నాలుగు మాటలున్నాయి, నాలుగూ వద్దనే చెబుతాను. ఆ పెద్దమనిషిని అనుమానించి కాదు, మీ వైపు నుంచి చెబుతున్నా.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడు ఆర్టీఓకి తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో తన పేరు మీద మార్పించుకోవాలి. అమ్మకం సమాచారానికి ఫారం 29, మార్పు దరఖాస్తుకి ఫారం 30. ఇంకో రాష్ట్రానికి వెళ్ళాలంటే ముందు మీ ఎలక్ట్రానిక్ సిటీ ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, రావాలి, దానికి చలాన్లు, ట్యాక్స్ బాకీలు ఉండకూడదు, దొంగ బండి కాదని పోలీసు రికార్డు చూస్తారు. ఆ తర్వాత అక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టుకోవాలి, అది కొనేవాడి ఖర్చు, ఎంతవుతుందో ఆయన ముందే కనుక్కోకపోతే కట్టేటప్పుడు వెనక్కి తగ్గి బండిని మీ నంబరు మీదే తిప్పుతాడు. మీకు భయం ఉండాల్సింది అక్కడ.

ఎందుకంటే 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది. ఒకాయన 2007లో కారు అమ్మేశాడు, అది చేతులు మారుతూ పోయింది, 2009లో యాక్సిడెంట్ చేసి ఒక పిల్లవాడు చనిపోయాడు, రిజిస్ట్రేషన్ మాత్రం మొదటాయన పేరు మీదే ఉంది. నష్టపరిహారం బాధ్యత ఆ పేరున్న మనిషిదే అని కోర్టు చెప్పింది. నేను అమ్మేశానండీ అన్న మాట నిలబడలేదు.

చిత్తూరుచిన్నోడు:
సార్ అయితే అందరూ రాయించుకునే డెలివరీ నోటు? "ఈ తేదీ ఈ టైము నుంచి చలాన్లు యాక్సిడెంట్లు అన్నీ కొన్నవారివే" అని స్టాంపు పేపర్ మీద. మా బావ అదే చేసినాడు.

నల్లకోటు:
రాయించుకోండి, పనికొస్తుంది, పోలీసు స్టేషన్లో టైము చూపించడానికి అదే ఆధారం. కానీ అది మీ ఇద్దరి మధ్య ఒప్పందం, దెబ్బ తిన్న మూడో మనిషిని అది ఆపదు. మీరు పరిహారం కట్టి తర్వాత కొన్నవాడి మీద వసూలుకి తిరగాలి.

ఇక నగదు. ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆ పైన నగదు తీసుకోకూడదని 2017 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఉంది, జరిమానా తీసుకున్నంతా, అది కూడా తీసుకున్నవాడికే. ఇచ్చినవాడికి కాదు. రెండుగా చీల్చి రెండు రోజుల్లో తీసుకున్నా లావాదేవీ ఒకటే.

గచ్చిబౌలిగాడు:
లాయర్ సాబ్ అట్లనా, నాకు తెల్వలే. పూర అకౌంట్లనే ఏస్త. కానీ ఎన్ఓసీకి ఎన్ని రోజులైతదో, గప్పటిదాంక డబ్బులు ఇరుక్కుంటయి గద. ఇంట్ల అడిగి చెప్త.

టర్బోతాత:
అడిగి చెప్త అన్నాడంటే అయిపోయింది.

పెట్రోల్‌పిచ్చోడు:
డీడీ తీసుకోవచ్చా మరి? మా ఆఫీసులో ఒకాయన డీడీయే సేఫ్ అంటాడు.

వైట్‌ఫీల్డ్‌వాసి:
దొంగ డీడీలు ఉంటాయి, అది ఇచ్చిన బ్రాంచికి ఫోన్ చేసి అడిగేదాకా అది ఉత్త కాయితమే. ఆర్టీజీఎస్ చేయించుకోండి, 2020 డిసెంబర్ నుంచి రాత్రీ పగలూ సెలవూ తేడా లేకుండా నడుస్తుంది. అతను చూపించే స్క్రీన్‌షాట్ కాదు, మెసేజ్ కూడా కాదు, మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్‌లో కనపడ్డాకే రెండో తాళం ఇవ్వండి. పేరు కూడా చూడండి, డబ్బు పంపే అకౌంటూ ఆర్సీ ఎక్కే పేరూ ఒకటే అవ్వాలి. మధ్యలో "మా ఫ్రెండ్ పంపుతాడు" అంటే నేను ఆపేస్తా.

రెండోగేరు:
అప్‌డేట్. హాల్డెక్స్ పంపు విప్పించాం, స్క్రీన్ నిండా నల్లటి పేస్టు, పంపు మాత్రం బతికే ఉంది. గేర్‌బాక్స్ ఆయిల్ కూడా మార్పించా. బయట ఇంకొకరితో మొత్తం ఇన్‌స్పెక్షన్ చేయించి పెయింట్ మందం కొలిచే మీటర్ రీడింగులు రాయించా, ప్యానెళ్ళన్నీ కంపెనీ పెయింటే. యాడ్ పెట్టా, 29.5. ఫోన్లు వైట్‌ఫీల్డ్ అక్క చెప్పినట్టే వస్తున్నాయి, ఒకాయన ఎక్స్‌చేంజ్‌కి ఇంటి స్థలం, సైట్ ఇస్తానన్నాడు, హొసూరు దగ్గర.

ఒకరు మాత్రం సీరియస్‌గా ఉన్నారు, కోరమంగళలో డాక్టరు గారు, కూతురు చదువుకి వెళ్ళిపోయింది, పెద్ద బండి అవసరం లేదు ఇక అంటున్నారు. వచ్చి అరగంట ఫైలే చదివారు, బండి తర్వాత చూశారు. హాల్డెక్స్ స్క్రీన్ కడగక ముందూ కడిగాక తీసిన ఫోటోలు చూపిస్తే నవ్వి "ఇది చూపించే ఓనర్ని మొదటిసారి చూస్తున్నా" అన్నారు. 25 చెప్పారు. నేను 28 దగ్గర ఉన్నా. ఏం చేయను?

పెట్రోల్‌పిచ్చోడు:
28.

టర్బోతాత:
అదే రాష్ట్రం, అదే ఊరు, ఫైలు చదివే మనిషి. లక్ష కోసం ఈయన్ని పోగొట్టుకుంటే మళ్ళీ హొసూరు సైటాయనతో మాట్లాడుకోవాలి. 26న్నర అడుగు, బదులుగా డబ్బు పడ్డ రోజే ఇద్దరూ కలిసి ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ పెట్టాలని షరతు పెట్టు. నాకైతే ఆ షరతు లక్ష కంటే ఎక్కువ.

చిత్తూరుచిన్నోడు:
అన్నా ఇచ్చే ముందర నంబరు కొట్టి చలాన్లు చూసుకో, బెంగళూరు కెమెరాలు మనకి తెలీకుండానే వేసుంటాయి. 2025 ఆగస్టు సెప్టెంబర్లో సగం తగ్గింపు ఇచ్చినప్పుడు మా రూమ్మేట్ చూసుకుంటే సిగ్నల్ జంపింగులే ఒక పేజీ ఉన్నాయి. ఫాస్టాగ్ క్లోజ్ చెయ్, లేదంటే ఆయన టోలు దాటినప్పుడల్లా నీ డబ్బు పోతాది. బండిలో ఫోన్ కాంటాక్టులు, ఇంటి అడ్రస్ ఉంటాయి, సిస్టం రీసెట్ కొట్టు. 2019కి ముందు బండి కదా, హెచ్ఎస్ఆర్‌పీ ప్లేట్లు, అదే ఆ హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు, వేయించినావా?

రెండోగేరు:
ప్లేట్లు వేయించా తమ్ముడూ. చలాను ఒకటి దొరికింది, సిల్క్ బోర్డు దగ్గర, ఎవరికి దొరకదులే అక్కడ. కట్టేశా.

నల్లకోటు:
వాహన్‌లో, అంటే రవాణా శాఖ ఆన్‌లైన్ రికార్డులో, ఆర్సీకి ఏ మొబైల్ నంబరు ఎక్కి ఉందో చూడండి, ఓటీపీ దానికే వస్తుంది. కొన్నప్పుడు షోరూమ్ వాళ్ళు తమ నంబరు ఎక్కించిన బండ్లు చాలా ఉన్నాయి, చివరి రోజు అక్కడ ఆగిపోతుంది.

రెండోగేరు:
నా పాత ఆఫీసు నంబరు ఉంది! ఇవాళే మార్చా, థాంక్యూ సార్.

(తర్వాతి వారం)

రెండోగేరు:
అయిపోయింది. 26.75కి కుదిరింది. ఆదివారం పొద్దున డాక్టరు గారు తన మెకానిక్‌తో వచ్చారు, ఆయన పంపు దగ్గర టార్చి వేసి చూసి నాకేం పని లేదన్నాడు. అడ్వాన్సు లక్ష ముందే అకౌంట్లో వేశారు, మిగతాది సోమవారం ఆర్టీజీఎస్, పావుగంటలో పడింది. అక్కడే కూర్చుని పరివాహన్ సైట్లో ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ పెట్టాం, ఓటీపీ చెప్పా, ఫీజు ఆయన కట్టారు, ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, రెండు ఆధార్లు, పీయూసీ, ఇన్సూరెన్స్ అన్నీ ఆయన ఫైల్లో ఒక సెట్టు, నా దగ్గర ఒక సెట్టు. డెలివరీ నోటులో టైము కూడా వేసి ఇద్దరం సంతకం పెట్టాం. నిన్న సాయంత్రం ఆర్సీ ఆయన పేరు మీదకి మారినట్టు వాహన్‌లో కనిపించింది. పెద్దోడు మాత్రం రెండు రోజులుగా నాతో మాట్లాడట్లేదు, ఇరుకు ఇరుకు అని గోల చేసింది వాడే.

ఒక్క డౌటు మిగిలింది. నాకు ఇన్సూరెన్స్‌లో 50 శాతం ఎన్‌సీబీ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంది, పాలసీకి ఇంకా నాలుగు నెలలు టైముంది. అది బండితో పాటు ఆయనకి పోతుందా?

పెట్రోల్‌పిచ్చోడు:
26.75 ఆ. సరేలే, కంగ్రాట్స్ గురూ. ఆయన అమ్మేటప్పుడు నాకు చెప్పమను.

నల్లకోటు:
పోదు, ఎన్‌సీబీ మనిషిది, బండిది కాదు. మారిన ఆర్సీ కాపీ, ఫారం 29 పెట్టి ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి ఎన్‌సీబీ లెటర్ తీసుకోండి, మూడేళ్ళ లోపు ఏ కారు కొన్నా దాని ప్రీమియంలో ఆ 50 శాతం వాడుకోవచ్చు. డాక్టరు గారికి ఒక మాట చెప్పండి, థర్డ్ పార్టీ కవరు చట్టప్రకారం ఆయనకి వచ్చేస్తుంది కానీ సొంత బండి డ్యామేజీకి పాలసీ ఆయన పేరు మీదకి మారాలి, 14 రోజుల్లో అప్లై చేయమనండి, మీ ఎన్‌సీబీ తేడా మిగిలిన నాలుగు నెలలకి ఆయన కట్టుకోవాలి. ఈ లోపు ఆయన ఎక్కడన్నా గోడకి గీకితే ఆ క్లెయిము ఎవరికీ రాదు.

రెండోగేరు:
ఇప్పుడే ఆయనకి ఫోన్ చేసి చెప్పా. రేపు పొద్దున్నే అప్లై చేస్తానన్నారు, అప్పటిదాకా బండి బయటికి తీయనని కూడా.